ఒక జాజ్ రసికుని మూడు మాటలు

శంషాబాదు విమానాశ్రయములో, బయలుదేరు ప్రయాణికుల ద్వారము ఎదుట కొన్ని బల్లలు ఉన్నవి. చేత టిక్కెట్టు లేనివారికి అదియే సరిహద్దు. గత వేసవిలో ఒకనాటి రాత్రి మేము ఒక బంధువును సాగనంపి, ఆ బల్లలలో ఒకదానిపై కొంతసేపు కూర్చున్నాము. మా ప్రక్కన ఒక వృద్ధుడు ఉన్నారు. చెవులలో ఇయర్‌ఫోనులు, కన్నులు సగము మూతలు, కుడిచేతి వ్రేళ్లు మోకాలిపై మెల్లగా దరువు వేయుచున్నవి. రేడియో కొలువులో ఉన్నవారికి దరువు కనబడినంతనే లెక్కించు దురలవాటు ఉండును. మేమును లెక్కించినాము. ఐదు. మరల ఐదు. ఖండచాపు అనుకొన్నాము.

"ఎవరి కచేరీ అండీ?" అని అడిగినాము.

ఆయన నవ్వి, ఒక ఇయర్‌ఫోను తీసి మా చేతిలో పెట్టినారు. అది కచేరీ కాదు. 1959లో అమెరికాలో డేవ్ బ్రూబెక్ బృందము వాయించిన 'టేక్ ఫైవ్' అను జాజ్ రచన. ఆ బృందములో శాక్సఫోను వాయించిన పాల్ డెస్మండ్ దానిని కూర్చినాడు. ఐదు మాత్రల లెక్క మాత్రము తప్పు కాలేదు. వాయించినవారెవరన్న ఊహయే తప్పినది.

ఆయన సికింద్రాబాదులో రైల్వే ఉద్యోగము చేసి విశ్రాంతి పొందినవారు. మనుమని సాగనంప వచ్చినారు. విమానము ఆలస్యము కావడముచేత అరగంటసేపు మాకు ఆయన మాటలు వినెడి భాగ్యము కలిగినది. సంగీతము, సినిమా, టెలివిజన్, అన్నిటి మీదను ఆయనకు అభిప్రాయములున్నవి. ఏ ఒక్కటీ నొక్కి చెప్పినది కాదు; టీ త్రాగుచు, గడియారము చూచుకొనుచు అన్నవి. వానిలో మూడు మాటలు మా వెంట ఇంటికి వచ్చినవి.

మొదటిది: "జాజ్ అంటే మన మనోధర్మమే బాబూ, వేషం వేరు."

రెండవది: "సినిమా పాట పాడినవారి పేరు అందరూ అడుగుతారు. వెనకాల ఊదినవాడి పేరు అడిగినవాడు లేడు."

మూడవది: "టెలివిజన్ వచ్చాక పాటను చూడడం నేర్చుకున్నాం, వినడం మరిచిపోయాం."

సంగీత చరిత్ర అనగా వాగ్గేయకారుల చరిత్ర యనియు, పోషించిన ప్రభువుల చరిత్ర యనియు మనము తలచుట వాడుక. విన్నవాని చరిత్ర వ్రాయువారు అరుదు. అయినను ఏ సంగీతము నిలిచినను, ఏది అణగినను, తుదకు అట్టి సామాన్య రసికుని నోటిమాటయే కారణమగుచున్నది. కనుక ఈ మూడు మాటలను చరిత్రతో సరిచూచుట ఉచితమని మాకు తోచినది.

జాజ్ సంగీతము అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగర ప్రాంతమున పుట్టినది. ఆఫ్రికా ఖండమునుండి బానిసలుగా కొనిపోబడినవారి సంతతి, తమ లయలను, తమ దుఃఖగీతములను, చర్చి పాటలను, సైనిక బ్యాండులలోని బాకాలను, క్లారినెట్టులను కలిపి దీనిని తీర్చినారు. 1917లో మొదటి జాజ్ గ్రామఫోను రికార్డు వెలువడినది. దానిని వాయించినవారు తెల్లవారు! సృష్టించినది ఒకరు, పేరు పొందినది మరియొకరు అను కథ అప్పుడే ఆరంభమైనది. మన రసికుని రెండవ మాటకు ఇది మొదటి సాక్ష్యము.

ఈ సంగీతము మన దేశమునకు ఓడలలో వచ్చినది. 1935లో లియాన్ ఆబీ అను నీగ్రో కళాకారుని బృందము బొంబాయి తాజ్‌మహల్ హోటలులో వాయించుట ప్రారంభించినది. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అను గొప్ప పియానో విద్వాంసుడు బొంబాయిలోను, కలకత్తాలోను ఏండ్ల తరబడి వాయించి, 1945లో కలకత్తాలోనే కన్నుమూసినాడు. వీరివద్ద గోవా క్రైస్తవులు, ఆంగ్లో ఇండియనులు ఈ విద్యను గ్రహించినారు. దండు ఉన్నచోట బ్యాండు ఉండును. రైలు ఉన్నచోట రైల్వే వారి నాట్యశాల ఉండును. సికింద్రాబాదులో దండును ఉన్నది, రైలును ఉన్నది.

ఆఫ్రికా లయ హైదరాబాదునకు అంతకు పూర్వమే మరియొక త్రోవను వచ్చియున్నదని ఇక్కడ చెప్పకుండరాదు. నిజాము ప్రభువుల కొలువులో ఆఫ్రికా జాతి అశ్వదళము ఒకటి ఉండెడిది. మాసబ్‌ట్యాంకు చేరువనున్న ఏ.సి.గార్డ్స్ అను పేటకు ఆ పేరు వారివలననే కలిగినది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనుదానికి అది పొట్టిపేరు. ఆ సిద్దీలును, బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులును వాయించిన మర్ఫా మేళము నేటికిని నగరమున పెండ్లి ఊరేగింపులలో వినబడుచున్నది. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమైన పిదప ఆ దళము రద్దైనది. దరువు మాత్రము రద్దు కాలేదు. మర్ఫాకును జాజ్‌కును చుట్టరికము కట్టుట సాహసము. ఒకటి తూర్పు ఆఫ్రికా తీరమునుండియు, అరేబియానుండియు వచ్చినది. రెండవదాని మూలములు ముఖ్యముగా పశ్చిమ ఆఫ్రికాలో ఉన్నవి. కాని కొలువు పోయినను, దేశము మారినను చేతివ్రేళ్లలోని లయ మిగిలియుండుననుటకు రెండును నిదర్శనములే.

ఇక గాలిలో వచ్చిన జాజ్ సంగతి. హైదరాబాదు రేడియో 1935లో నిజాము ప్రభుత్వపు చేతికి వచ్చి, దక్కను రేడియోగా పేరు పొంది, 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆకాశవాణిలో కలిసినది. కాని జాజ్ రసికుని చెవి హైదరాబాదు కేంద్రము మీద లేదు. రాత్రివేళ షార్ట్‌వేవ్ మీద ఉండెడిది. 1955లో వాయిస్ ఆఫ్ అమెరికా ఒక జాజ్ కార్యక్రమమును ఆరంభించినది. విల్లిస్ కానొవర్ అను వ్యాఖ్యాత, ఆంగ్లము కొద్దిగా మాత్రమే తెలిసినవారికి సయితము తెలియునట్లు, ఒక్కొక్క మాటను నిదానముగా పలుకుచు దానిని నడిపినాడు. దాని ఆరంభ సంగీతము డ్యూక్ ఎల్లింగ్టన్ బృందము వాయించిన 'టేక్ ది ఏ ట్రెయిన్'. కూర్చినది బిల్లీ స్ట్రేహార్న్. రైలు పేరుగల ఆ పాటను సికింద్రాబాదు రైల్వే క్వార్టర్సులో ఒక బాలుడు ప్రతిరాత్రి రేడియోకు చెవి ఆనించి వినెడివాడు. ఆ బాలుడే మా ప్రక్కన కూర్చున్న వృద్ధుడు.

గాలి తరంగములతో వచ్చినది కొన్నాళ్లకు విమానములో వచ్చినది. అమెరికా ప్రభుత్వము 1956 మొదలు జాజ్ విద్వాంసులను విదేశములకు పంపసాగినది. రష్యాతో ప్రచ్ఛన్న యుద్ధము సాగుచున్న కాలమది. స్వేచ్ఛకు తామే చిరునామా అని లోకమునకు చాటుట ఆ ప్రభుత్వపు ఉద్దేశము. విచిత్రమేమనగా, ఆ స్వేచ్ఛకు గుర్తుగా పంపబడిన నల్లవారికి స్వదేశమున దక్షిణాది రాష్ట్రములలో తెల్లవారి సరసన కూర్చుండి భోజనము చేయు హక్కు లేదు. బ్రూబెక్ బృందములో బేస్ వాయించిన యూజీన్ రైట్ నల్లవాడు. ఆయనను మార్చవలెనని దక్షిణాది కళాశాలలు పట్టుబట్టగా, బ్రూబెక్ అంగీకరింపక 1960లో అక్కడి కచేరీలను పెక్కింటిని వదులుకొన్నాడు.

ఆ బ్రూబెక్ బృందము 1958 వసంతమున పోలెండు, టర్కీల మీదుగా భారతదేశమునకు వచ్చినది. వారు పర్యటించిన మన నగరములలో బొంబాయి, ఢిల్లీ, మద్రాసు, కలకత్తాలతోపాటు హైదరాబాదు కూడ ఉన్నది. మద్రాసులో మృదంగ విద్వాంసులు పళని సుబ్రహ్మణ్య పిళ్లెగారితో వారికి గోష్ఠి జరిగినది. టర్కీ వీధులలో విన్న తొమ్మిది మాత్రల లయను బ్రూబెక్ తరువాత ఒక రచనగా మలచినాడు. దానిని, 'టేక్ ఫైవ్'ను చేర్చి 1959లో వెలువరించిన 'టైమ్ అవుట్' అను రికార్డు ప్రపంచమంతట అమ్ముడుపోయినది. నాలుగు మాత్రలకు అలవాటుపడిన పాశ్చాత్య శ్రోతలకు ఐదు, తొమ్మిది వింతగా తోచినవి. ఖండచాపులో కృతులు వినుచు పెరిగిన తెలుగువానికి అందులో వింత ఏమున్నది? మన ఖండచాపులో సాధారణముగా రెండు ముందు, మూడు వెనుక. 'టేక్ ఫైవ్'లో మూడు ముందు, రెండు వెనుక. అంతే భేదము. మన వృద్ధుని మోకాలిమీది దరువు మమ్ము మోసగించుటకు కారణమిదియే.

1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందము వచ్చినది. ఎల్లింగ్టన్ ఢిల్లీలో జబ్బుపడి ఆసుపత్రిలో చేరవలసివచ్చినది. బృందము మాత్రము ముందుకు సాగినది. ఆ పర్యటన పట్టికలో హైదరాబాదు పేరు మరల ఉన్నది. ఢిల్లీలో విన్న గోరువంక కూతను స్ట్రేహార్న్ తన చెవిలో దాచుకొని పోయినాడు. మూడేండ్ల తరువాత వారు రికార్డు చేసిన 'ఫార్ ఈస్ట్ స్వీట్'లో ఆ గోరువంక క్లారినెట్టు గొంతుతో పలుకుచున్నది. మన పక్షి కూత వారి సంగీతమున చేరినది. కాని ఆ బృందపు సంగీతమునకై రాత్రులు మేలుకొన్న మన బాలుని సంగతి యేమి?

"ఎల్లింగ్టన్ బృందం మా ఊరొచ్చిన సంగతి పేపర్లో చూశాను. అప్పటికే వాళ్లు వెళ్లిపోయారు" అన్నారాయన. ఆ మాట చెప్పునప్పుడు కూడ ఆయన నవ్వుచునే ఉన్నారు. ఆ నవ్వులో అరువది యేండ్ల వెలితి ఉన్నది.

మొదటి మాట నిజమేనా? సగము నిజము. జాజ్ వాద్యకారుడు ముందుగా ఒక వరుసను వినిపించును. పిదప దాని చట్రములోనే ఉండి, అప్పటికప్పుడు కల్పించుచు పోవును. తుదకు మొదటి వరుసకు వచ్చి ముగించును. మన గాయకుడు ఒక్క పంక్తిని పట్టుకొని నెరవలు చేసి, స్వరకల్పన సాగించి, ఎత్తుగడకు సరిగా వచ్చి చేరినప్పుడు సభలో తలలూగును. జాజ్ వినువారి తలలును అక్కడనే ఊగును. 'బ్లూస్' అను వారి దుఃఖగీతములలో స్వరమును కొంచెము వంచి, రెంటి నడుమ నిలుపుట మన గమకమును తలపించును. కాని భేదము చిన్నది కాదు. మనకు ఆధారము రాగము. వారికి ఆధారము ఒకేసారి పలుకు స్వరముల గుంపులు, అనగా హార్మనీ. మన విద్వాంసుడు ఆధారశ్రుతి అను ఒకే నేలమీద నిలిచి ఆకాశమును చూచును. జాజ్ విద్వాంసుని కాలిక్రింద నేల రెండు మూడు క్షణములకొకసారి మారుచుండును. వేషము మాత్రమే వేరనుట చెల్లదు, ఎముకల కూర్పును వేరు. అయినను ఆ మాటను మేము కొట్టివేయము. పరాయి సంగీతము చెవిన పడినప్పుడు "ఇది మనది కాదు" అనుటకు బదులు "ఇది మనకు తెలిసినదానివలె ఉన్నదే" అను శ్రోత వలననే రెండు సంగీతములకు పరిచయము కలుగుచున్నది.

దానికి మన తెలుగునేలయే ఒక నిదర్శనమును ఇచ్చినది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ అను బాలుడు, సినిమా వాద్యగోష్ఠులకే పరిమితమని తలచబడిన మాండొలిన్ అను విదేశీ వాద్యమును చేతబట్టినాడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యము వాయించుట రాదు. ఆయన పాడి వినిపింపగా, శిష్యుడు దానిని తీగెలపై పలికించినాడు. 1978లో గుడివాడలో అరంగేట్రము. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవము. అనంతర కాలమున జాన్ మెక్‌లాఫ్లిన్ అను జాజ్ గిటారు విద్వాంసునితోను, జాకీర్ హుసేన్‌గారితోను 'రిమెంబర్ శక్తి' బృందములో లోకమంతయు తిరిగినాడు. 2014లో ఆయన అకాల మరణమునకు త్యాగరాజ కృతుల రసికులును, జాజ్ రసికులును సమముగా దుఃఖించినారు. శాస్త్రవేత్తలు గీసిన గీతను వాద్యకారుడును, శ్రోతయును కలిసి చెరిపివేసినారు.

రెండవ మాటకు వత్తము. శంషాబాదు చేరువనే నర్కూడ గ్రామమున అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయము ఉన్నది. అచ్చట తెలుగు చిత్రములు ఎన్నో తీయబడినవి. ఆ గుడిలో తీసిన చిత్రము జయప్రదమగునని సినిమావారికి ఒక నమ్మకము. కెమేరా గోపురమును చూపును, కోనేటిని చూపును, పాడుచున్నట్లు పెదవులు కదపు తారలను చూపును. ఆ పాటకు వయొలిన్ లాగినవాడు, బాకా ఊదినవాడు ఏ చట్రములోను పడరు. వారు ఎన్నడో, ఎచ్చటనో ఒక మూసిన గదిలో తమ పని ముగించుకొని పోయినారు.

బొంబాయిలో మద్యనిషేధము వచ్చి హోటళ్ల బ్యాండులు మూతపడనారంభించినప్పుడు, జాజ్ వాద్యకారులు సినిమా స్టూడియోల దారి పట్టినారు. గోవా చర్చి పాఠశాలలలో చిన్ననాటనే స్వరలిపి నేర్చినవారగుటచేత వారు ఏ వరుసనైనను చూచి వెంటనే వాయించగలిగెడివారు. చిక్ చాకొలేట్ అను పేరుతో ప్రసిద్ధుడైన గోవా బాకా విద్వాంసుడు సి. రామచంద్రగారికి తోడై, 1951లో 'అల్బేలా' చిత్రపు పాటలలో జాజ్ ఊపును నింపినాడు. సెబాస్టియన్ డిసౌజా శంకర్ జైకిషన్‌ల వరుసలకు వాద్యగోష్ఠిని కూర్చెడివాడు. ఆంథొనీ గొన్‌సాల్వెస్ అను వయొలిన్ గురువు పేరు మాత్రము ఒక విచిత్ర రీతిని దేశమంతట మ్రోగినది. ఆయన శిష్యుడైన ప్యారేలాల్, 1977లో 'అమర్ అక్బర్ ఆంథొనీ' చిత్రములోని ఒక హాస్యగీతమున గురువుపేరు చేర్చినారు. కోట్లమంది ఆ పేరు పలికినారు. అది ఒక నిజమైన మనుష్యుని పేరని ఎరిగినవారు ఎందరు?

మన తెలుగు చిత్రములు ఆ కాలమున మద్రాసులో తయారగుచుండెడివి. సాలూరి రాజేశ్వరరావుగారు కర్ణాటక బాణీతోపాటు కలకత్తా వెళ్లి హిందూస్థానీ, వంగ బాణీలను ఆకళించుకొన్నవారు. పాశ్చాత్య వాద్యగోష్ఠిపై అధికారము గలవారు. 1948లో వచ్చిన 'చంద్రలేఖ'లో ఆయన పనిని విన్నవారికి అది తెలియును. ఆ తరువాతి దశకములలో మన చిత్రములందు క్లబ్బు పాటలు వెల్లువెత్తినవి. శాక్సఫోను, బాకా, బాంగో డ్రమ్ములు మన ఇండ్లలోనికి ప్రవేశించినవి. ఎట్లు ప్రవేశించినవి? దొంగవేషమున. వీణ వాయించునది నాయిక. శాక్సఫోను మ్రోగునది ప్రతినాయకుని మందిరమున. బానిసల కన్నీటినుండి పుట్టిన సంగీతమును మనము సారాసీసాకు జతచేసి చూపినాము. తెలుగు కుటుంబములలో 'ఆ క్లబ్బు సంగీతము' అను చిన్నచూపు ఇట్లు కలిగినది. అదే శాక్సఫోనును, మైసూరు ప్యాలెస్ బ్యాండులో విని మనసు పారవేసుకొన్న కద్రి గోపాల్‌నాథ్‌గారు కర్ణాటక సంగీత వేదిక ఎక్కించి, గౌరవాసనమున కూర్చుండబెట్టినారు. దోషము వాద్యమునకు లేదు. దానికి మనము ఇచ్చిన వేషమునందున్నది.

కనుక రెండవ మాట అక్షరాల నిజము. అంతేకాదు, ఆయన చెప్పినదానికంటె నిజము. ఊదినవాని పేరు మరచుటయే గాక, ఊదినదానికి చెడ్డపేరు కూడ తెచ్చినాము.

మూడవ మాట మాకు కొంచెము ఇబ్బంది కలిగించినది. రేడియోలో పనిచేయువారికి టెలివిజన్‌ను నిందించు మాట తీయగా ఉండును. అందుచేతనే దానిని జాగ్రత్తగా పరీక్షింపవలెను. మన దేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరులో ఢిల్లీలో ప్రారంభమైనది. 1975 ఆగస్టు మొదలు ఒక్క సంవత్సరకాలము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ప్రసారములు జరిగినవి. ఆంధ్రప్రదేశ్ గ్రామములును అందులో ఉన్నవి. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన కేంద్రము వెలసినది. శుక్రవారము 'చిత్రలహరి' వచ్చు సాయంకాలము వీధి అంతయు ఒక్క ఇంటి వసారాలో చేరిన దినములు మా తరమువారికి గుర్తున్నవి. పాట అనగా చెవికి సంబంధించినది గాక కంటికి సంబంధించినదై పోవుట అప్పుడు కొంత జరిగిన మాట వాస్తవము.

కాని వినుట మరచిపోవుట టెలివిజన్‌తోనే ఆరంభమైనదా? అంతకు పాతికేండ్ల ముందటి కథ ఒకటి ఉన్నది. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌గారు శాస్త్రీయ సంగీతమునకు నిజమైన సేవ చేసినారు. కాని సినిమా పాటలు జనుల అభిరుచిని చెడగొట్టునని తలచి, వానిని ఆకాశవాణినుండి దాదాపుగా తొలగించినారు. శ్రోత ఏమి చేసినాడు? అర్జీ వ్రాయలేదు, సభ పెట్టలేదు. రేడియో మీట త్రిప్పినాడు. సముద్రము దాటి రేడియో సిలోను పాటలు ఇంటింట మ్రోగినవి. ఐదేండ్లకు, 1957 అక్టోబరు 3న, 'వివిధభారతి' ప్రారంభమైనది. అది శ్రోత గెలుపు. ఒక వ్రేలి కదలికతో పలికిన అభిప్రాయము ఒక ప్రభుత్వ విధానమును మార్చినది. ఏ ప్రసారసంస్థ అయినను 'మీరు ఇది వినదగును, అది వినదగదు' అని శాసించుటకు పూనుకొన్నప్పుడు, వినుట మరచినది శ్రోత కాదు. శ్రోత మాట వినుట మరచినది సంస్థ.

అందుచేత మూడవ మాటను కొంచెము సవరించి ఒప్పుకొందుము. కన్ను చెవిని మ్రింగుట ఒక అపాయము. చెవిగలవానిని అడుగకుండ చెవికి పథ్యము వ్రాయుట అంతకంటె పెద్ద అపాయము. మొదటిది టెలివిజన్ చేసిన తప్పు. రెండవది మా రంగము చేసిన తప్పు.

మా రంగమువారు మరియొక విషయమును మరువరాదు. ఆకాశవాణి ప్రసారము ఆరంభమగునప్పుడు ఇంటింట మేలుకొలుపుగా వినబడిన ఆ తంబుర, ఆ వయొలిన్ వరుసను కూర్చినది వాల్టర్ కౌఫ్‌మన్ అను యూదు సంగీతవేత్త. హిట్లర్ పీడకు వెరచి, 1934లో మధ్య ఐరోపానుండి బొంబాయి చేరినవాడు. పిదప బొంబాయి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగమును నడిపినవాడు. శివరంజని రాగచ్ఛాయ గల ఆ వరుసను విని, ఇది పరదేశి కూర్చినదని అనుకొన్న తెలుగు గృహిణి ఒక్కతె అయినను ఉండెనా? మనది, పరాయిది అను భేదమును తెల్లవారకముందే మన రేడియో చెరిపివేసియుండెను.

ఇన్ని చెప్పిన పిదప ఒక లోటును ఒప్పుకొనవలెను. ఏ స్టూడియోలో ఏ సాయంకాలము ఎవరు బాకా ఊదినారో, సికింద్రాబాదు నాట్యశాలలలో ఏ బ్యాండులో ఎవరుండిరో, ఆ పేర్లు పుస్తకములకు ఎక్కినవి చాల తక్కువ. అయస్కాంతపు టేపు ఖరీదైన కాలమున, ఒకసారి ప్రసారమైనదానిని చెరిపి దానిమీదనే మరియొకటి రికార్డు చేయుట ప్రసార లోకములో పరిపాటి. చెరిపినవారు దుర్మార్గులు కారు, పొదుపరులు. ఆ పొదుపునకు మూల్యము ఇప్పుడు తెలియుచున్నది. మిగిలినవి జ్ఞాపకములు. అవి ఇండ్లలో ఉన్నవి.

ఈ పత్రిక చేరు ఇండ్లలో రేడియో ఉన్నది. అనేక గృహములలో దానిని తొలినాళ్లనుండి విన్న పెద్దవారును ఉన్నారు. వారిని ఒకసారి అడిగి చూడుడు. తాము విన్న మొదటి పరదేశపు పాట ఏది? పెండ్లి బ్యాండులో క్లారినెట్టు వాయించిన మేస్త్రి పేరేమి? ఏ పాట వచ్చినప్పుడు మీట త్రిప్పెడివారు, ఏ పాటకు త్రిప్పక నిలిచెడివారు? వారు చెప్పునవి చిన్న మాటలుగా తోచవచ్చును. ఒక కాగితముపై పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి ఉంచుడు.

శంషాబాదు పాత ఊరు. పైగా ప్రభువుల షంసుల్ ఉమ్రా బిరుదువలన ఆ పేరు వచ్చినది. 2008 మార్చి 23న బేగంపేటనుండి పౌర విమానములు ఇక్కడికి తరలివచ్చినవి. బ్రూబెక్ బృందము వచ్చిన కాలమున ఈ ప్రాంతము పొలములు, రాతిగుట్టలు. నేడు 4,260 మీటర్ల రన్‌వే మీద లోకమంతటి విమానములు దిగుచున్నవి. నగరమునకు వచ్చుట, పోవుట తేలిక అయినవి. వచ్చినవారిని గుర్తించుట తేలిక అయినదా అన్నది వేరు ప్రశ్న.

ఆ రాత్రి విమానము బయలుదేరినట్లు ప్రకటన వెలువడినది. వృద్ధుడు లేచి, చేతికర్ర సవరించుకొని, ఇయర్‌ఫోనులు జేబులో పెట్టుకొన్నారు. "మనవడికి ఈ పాటలు గిట్టవు బాబూ. వాడికి వేరే పాటలున్నాయి. ఉండనీ, వాడి చెవి వాడిది" అన్నారు.

అది ఆయన నాలుగవ మాట. మూడింటికంటె అదియే మిన్నయని మాకు తోచినది. మెట్లు దిగి పోవుచున్నప్పుడు ఆయన వ్రేళ్లు చేతికర్ర పిడిమీద ఇంకను ఐదు లెక్కించుచునే ఉన్నవి.